బతుకమ్మకు వీపు తిప్పిన పాట

దసరాకు నెల ముందు నుంచే యూట్యూబ్‌లో బతుకమ్మ పాటలు వరుస కడతాయి. ఏటికేడాది ఖర్చు పెరుగుతోంది, చీరల జరీ పెరుగుతోంది, డ్రోన్ ఇంకాస్త పైకి లేస్తోంది. వీటిలో చాలా పాటల్లో ఆడవాళ్లు బతుకమ్మకు వీపు పెట్టి ఆడుతున్నారు. అది చూసి ఊరుకోవడం నావల్ల కాదు.

బతుకమ్మ ఆటకు ముందూ వెనకా ఉండవు. నడుమ తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మలు, చుట్టూ ఆడవాళ్లు. చూపులన్నీ లోపలికే. ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. వంగి చప్పట్లు కొడుతూ అడుగడుగూ జరుగుతారు. ముసలవ్వ, పండక్కి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ, ఇంకా అడుగు కుదరని చిన్నపిల్ల, అందరికీ అందులో చోటుంది. బయట నిలబడి చూసేవాడి కోసం అక్కడ ఎవరూ ఏ ఏర్పాటూ చేయలేదు. వీడియో వాళ్లు ఆ వలయాన్ని తెంపి వరసగా పరిచి కెమెరా వైపు తిప్పారు. ముందు ఒక అందగత్తె, వెనక ఒకే రంగు చీరల్లో ఒకే వయసు అమ్మాయిలు. ముసలవ్వ లేదు, చిన్నపిల్ల లేదు. బతుకమ్మ వాళ్ల వెనకెక్కడో సెట్టు సామానుగా మిగిలింది. కాలంతో పాటు వచ్చిన సోకు అని దీన్ని సరిపెట్టుకోమంటారు. ఎలా సరిపెట్టుకోవాలి? ఆ పాట ఎవరి కోసం పాడుతున్నారన్నదే మారిపోయిందిక్కడ.

నాటు పాటల గతి ఇంకా ఘోరం. మడిలోకి దిగిన ఆడవాళ్లు వెనక్కి అడుగులేస్తూ నాట్లు వేస్తారు. పొద్దస్తమానం వంగిన నడుము వంగినట్టే ఉంటుంది. ఒకామె చరణం పాడి వదిలితే, మిగతావాళ్లు అందుకునే లోపు ఆమెకు ఊపిరి దొరుకుతుంది. పల్లవి అన్నిసార్లు తిరిగి రావడంలోని రహస్యం ఆ ఊపిరే. పాట నడక నారు ముడి విప్పి గుచ్చే చేతి నడక. అందులో చెప్పుకునే కథ అత్త ఆరళ్లు, తాగొచ్చిన మొగుడు, కూలి దగ్గర చేసిన మోసం. ఇంట్లో నోరెత్తి అనలేని మాటను పదిమంది గొంతుల మధ్య దాచి అనేవాళ్లు.

ఇప్పుడు ఆ బాణీ పెట్టి తీసిన వీడియో చూడండి. ఒడ్డు మీద లంగావోణీ. కాలికి బురద అంటదు. బావ బైకు మీద వస్తాడు, మరదలు అలుగుతుంది, బావ బతిమాలతాడు, పాట అయిపోతుంది. ఎక్కువ పాటలకు ఇదొక్కటే కథ. నిజంగా కూలికొచ్చిన ఆడవాళ్లు ఫ్రేములోకి వస్తే గిస్తే, డ్రోన్ కన్నుకు పచ్చటి మడిలో రంగు చుక్కలుగా కనిపిస్తారు. ముఖాలుండవు. ఇక స్లో మోషన్! పని పాటకు ప్రాణం పని వేగంలో ఉంటుంది. నాటు వేసే చేతిని నెమ్మది చేసి చూపిస్తే అందులో పని పోయి వట్టి భంగిమ మిగులుతుంది. చెవికి వినపడే దెబ్బ ఒకటి, కంటికి కనపడే కదలిక ఇంకొకటి. ఈ మాత్రం తెలియని వాళ్లా మన దర్శకులు, ఎడిటర్లు? తెలుసు. రీల్స్‌కు ముక్క కోసుకోవడానికి పనికొస్తుందని తెలిసే చేస్తున్నారు.

కెమెరాకు జానపదం చేతకాదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. 2023లో వచ్చిన ‘బలగం’ చివర బుడగ జంగాల కథకులు చనిపోయిన ఇంటిపెద్ద కొమురయ్య బతుకును పాడే ఘట్టం చూడండి. పాడింది పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. దర్శకుడు వేణు యెల్దండి కెమెరాను ఎక్కడ పెట్టారు? పాడేవాళ్ల ముఖాల మీద, ఆ వెంటనే వినేవాళ్ల ముఖాల మీద. ఒక్కో మాట ఒక్కొక్కరికి తగులుతుంటుంది. పంతం పట్టిన కొడుకులు, కూతురు, అల్లుడు మన కళ్లముందే కరిగిపోతారు. కథ నడిపింది ఆ వినడమే. ఊళ్లలో తెర కట్టి జనం కలిసి కూర్చుని ఆ సినిమా చూసి ఏడ్చారు. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆయన గొంతు, ఆ ముఖం మనకు మిగిలాయంటే వాటిని అందగాళ్లతో కప్పెయ్యని ఒక దర్శకుడు ఉండబట్టే.

అంతకు నాలుగు దశాబ్దాల ముందే గౌతమ్ ఘోష్ ‘మా భూమి’లో ఈ పని జరిగింది. నిజాం మీద యాదగిరి కట్టిన పాటను గద్దర్ తెరమీదే పాడారు. గొంగడి, కర్ర, ఆయన ఒళ్లు, చుట్టూ జనం. అడుగే తాళం. గద్దర్ పేరెత్తితే ఇప్పటికీ కళ్లముందు నిలిచే రూపం అది. డ్రోన్ లేని కాలం, డబ్బు లేని సినిమా.

యూట్యూబ్ వల్లే కదా పేదింటి పిల్లలు గాయకులయ్యారు, డప్పు కొట్టేవాడికి నాలుగు రూపాయలు దొరికాయి, తండా గొంతు నగరం దాకా వచ్చింది అంటారు. నిజమే. ఒకప్పుడు సినిమా గుమ్మం ముందు పడిగాపులు పడ్డ గొంతులు ఈనాడు సొంతంగా నిలబడ్డాయి, ఆ సంగతి నాకూ గర్వమే. అందుకే ఇంత మంట. గుమ్మం బద్దలుకొట్టి వచ్చిన పిల్లలు లోపలికొచ్చాక ఆ పాత సినిమా పాటనే, ఆ హీరో హీరోయిన్ల ఆటనే చవకగా మళ్లీ తీస్తుంటే ఎట్లా చూడాలి?

పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న వీరగాథను చెప్పగల దర్శనం మొగిలయ్యతో 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా వాళ్లు పాట ఎత్తుగడ పాడించుకున్నారు. మరుసటేడు పద్మశ్రీ వచ్చింది, సంతోషం. సాయన్న కథను మొదటి నుంచి చివరిదాకా ఆయన చెబుతుంటే, వినే ఊరితో సహా ఒక మంచి వీడియోగా తీసి జనంలోకి తెచ్చే ఖర్చు ఎవరు పెట్టారు? 2021లోనే ‘లవ్ స్టోరీ’ సినిమాలో ‘సారంగదరియా’ వచ్చినప్పుడు పాటను సేకరించింది ఎవరన్న గొడవ రేగింది. ఆ గొడవ నుంచి నేర్చుకున్నదేమిటి? ఈరోజుకీ అవ్వ నోట విన్న పాటకు నాలుగు చరణాలు అతికించి ‘రచన’ అని సొంత పేరు వేసుకునేవాళ్లున్నారు. ఇది దొంగతనం. మర్యాద కోసం వేరే మాట వాడను.

పాటలు తీసే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ అమ్మలు నాట్లు వేసినవాళ్లు. ఆ పని ఎట్లుంటుందో మీకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. కెమెరాను మడిలోకి దించండి, వంగిన మనిషి ముఖం ఎత్తులో పెట్టండి. ఎత్తుకున్నామెను చూపించండి, అందుకున్న పదిమందినీ చూపించండి. పాట ఏ ఊరి ఏ అవ్వ దగ్గర విన్నారో ఆమె ఒప్పుకుంటే ఆ పేరును మీ పేరుకు పైన వేయండి, వచ్చిన డబ్బులో ఆమె వాటా ఆమెకివ్వండి. ఈ దసరాకు ఒక్క పాటైనా వలయం తెంపకుండా, లోపల నిలబడి తీసి విడుదల చేయండి.