పిల్లికి టీకా మోసే బ్యాక్టీరియా

మా గండుపిల్లి రోజూ గోడ దూకి, కొట్లాడి గాయాలతో వస్తోంది. పిల్లులకూ ఎయిడ్స్ లాంటి జబ్బు ఉందట. టీకా లేదా?
- ఓ పాఠకురాలు, కరీంనగర్

జబ్బు ఉన్నమాట నిజమే. ఎఫ్ఐవీ అనే ఆ వైరస్‌ను 1986లో కాలిఫోర్నియాలో కనుగొన్నారు. ముఖ్యంగా కాట్ల ద్వారా వ్యాపిస్తుంది. మనుషులకు సోకదు.

టీకా కోసం శాస్త్రవేత్తలు సాల్మొనెల్లా బ్యాక్టీరియాను రోగం తేలేనంతగా బలహీనపరిచి, అందులో వైరస్ జన్యువులు చేర్చి పిల్లులకిచ్చి చూశారు. మన పిల్లలకు వేసే బీసీజీ కూడా బలహీనపరిచిన బ్యాక్టీరియానే. సాల్మొనెల్లా పని మాత్రం వేరు... వైరస్ ఆనవాళ్లను మోసుకెళ్లి రోగనిరోధక కణాలకు చూపించడం. అయితే ఈ పద్ధతిలో ఎఫ్ఐవీ టీకా ఏదీ మార్కెట్‌లోకి రాలేదు.

కాబట్టి గండుపిల్లికి పశువైద్యుడితో ఆపరేషన్ చేయించండి, కొట్లాటలు తగ్గుతాయి. రేబిస్ టీకా మాత్రం తప్పక వేయించండి. అది మీ ఇంటిల్లిపాదికీ రక్షణ.