మన వ్యాజ్యమును మనమే చెప్పుకొనవచ్చును

నెల్లూరు తీరమున వరి పండించు రైతైనను, రొయ్యల గుంట గల రైతైనను, సరుకు అమ్మునాడు వర్తకుడే. పుట్టి యింతకని ధర నిశ్చయించి, ధాన్యము కళ్లము దాటిన పిమ్మట తేమ మిషతో తగ్గించుట. కౌంటునకు ధర చెప్పి, రొయ్యలు పట్టిన తరువాత మాట మార్చుట. బాకీ నేడు రేపని త్రిప్పుట మన యెరుగని సంగతులు కావు. అట్టి వేళ ప్లీడరు ఫీజునకు వెరచి రైతు నోరు మూసికొనుట తగదని మా యభిప్రాయము.

1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు ప్రకారము కక్షిదారుడు తానే హాజరై తన వ్యవహారమును నడుపుకొనవచ్చును. అమ్మిన సరుకు సొమ్మునకు దావా గడువు 3 ఏండ్లు. అది తీరకముందే కొన్నవాడు బాకీ నొప్పుకొని వ్రాసి సంతకము చేసినచో, నాటినుండి గడువు మరల మొదలగును.

మనము కొన్న విత్తనము చెడ్డదైనచో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. 2019 నాటి చట్టము ప్రకారము అచ్చట గడువు 2 ఏండ్లు. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. ఆంధ్రప్రదేశ్ రైతులకును నేషనల్ సీడ్స్ కార్పొరేషనునకును నడచిన వ్యాజ్యములలో సుప్రీము కోర్టు 2012లో రైతుల పక్షమున తీర్పు చెప్పినది. ఒప్పందములో మధ్యవర్తి షరతున్నను ఫిర్యాదునకు అడ్డు గాదనియు, కొన్న విత్తనమంతయు చల్లిన రైతు పరీక్షకై కొంత దాచియుంచునని తలపరాదనియు నిర్ణయించినది.

అయినను వాక్చాతుర్యముకంటె కాగితము బలము మిన్న. ఒప్పందపు చీటి, కాటా రసీదు, బిల్లు, విత్తనపు సంచి చీటి, ముట్టిన సొమ్ము పద్దు తేదీల వరుసను కూర్చుకొనవలెను. ఏమి యొప్పుకొంటిమి, ఏమి యిచ్చితిమి, ఏమి రావలెను అను మూడు మాటలను ఒక కాగితమున వ్రాసి, ముందుగా స్పీడు పోస్టులో ఎదుటి పక్షమునకు పంపవలెను. జరిగినదానికి ఒక్క మాటయు చేర్చరాదు. ఒక్క యబద్ధము పది నిజములను చెరచును.

రాజీకి లోక్ అదాలతు కలదు. అచ్చట రుసుము లేదు; కాని యా తీర్పుపై అప్పీలును లేదు. కావున చదివించుకొని, తెలిసికొని సంతకము చేయవలెను. చిక్కు పెద్దదైనచో ప్లీడరును ఆశ్రయించుటయే వివేకము. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, స్వల్పాదాయము గలవారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆ సహాయమును ఉచితముగా చేయును.

సహకారమనగా అప్పు దెచ్చుకొనుట మాత్రమే గాదు. చదువు వచ్చిన సభ్యుడు రాని పొరుగువానికి ఒప్పందము రెండు ప్రతులు వ్రాసి యిచ్చిన, అదియును సహకారమే. సరుకు బండి కెక్కక పూర్వమే ఆ పని జరుగవలెను.