పడమటి గోడకు నీడ లేదు

"ఒక్క ఆకు రాలదు మాస్టారూ!" అన్నాడు నా పూర్వ విద్యార్థి, గర్వంగా. గత వైశాఖంలో రాజమండ్రి శివారున అతని గృహప్రవేశానికి వెళ్ళినప్పటి మాట ఇది. గేటు మొదలు వెనుక ప్రహరీ దాకా జానెడు మట్టి కనబడకుండా టైల్సు పరిపించాడు. ఆ స్థలంలో ఒక మామిడి, రెండు కొబ్బరులు, పడమటి మూల ఒక పెద్ద వేప ఉండేవి. పునాది తవ్వకముందే అన్నీ నేలకూలాయి. వాటికి బదులుగా గోడకు ఏసీల బయటి పెట్టెలు మూడు వెలిశాయి. మేము భోజనాలు చేస్తూండగా, ఆ పెట్టెలు వదిలే వేడిగాలి తాళలేక పక్కనున్న రేకుల ఇంటి ఇల్లాలు తన కిటికీ మూసుకోవడం నేను కళ్ళారా చూశాను. నోటిలోని పూర్ణం చేదయింది.

ఒకరిని నిందించే ముందు నా నేరం కూడా ఒప్పుకోవాలి గదా. 2009లో మా ఇంటి పడమటి వైపు ఉన్న కానుగను కొట్టించింది నేనే. రాలిన ఆకులు ఊడవలేమన్నది అప్పటి నా వాదం. ఆ వైపు గది మా అమ్మగారిది. మరుసటి మే నెలలో ఒక రాత్రి పదకొండు గంటల వేళ ఆవిడ గోడ మీద అరచెయ్యి ఆన్చి, "ఒరే, గోడకు జ్వరం వచ్చిందేమిట్రా?" అన్నారు. నా వద్ద సమాధానం లేదు. ఆ నెలలోనే అప్పు చేసి ఏసీ కొన్నాను. చెట్టు ఉచితంగా చేస్తున్న పనికి నెలనెలా కరెంటు బిల్లు కట్టడం అప్పుడు మొదలైంది.

ఆ జ్వరానికి కారణం చాలా కాలానికి గాని నాకు బోధపడలేదు. నేను తెలుగు పండితుణ్ణి, ఇంజనీరును కాను. అయినా లెక్క తేలికే. మే నెలలో సాయంత్రం నాలుగు గంటల వేళ పడమటి గోడ మీద చదరపు మీటరుకు సుమారు ఐదు వందల వాట్ల ఎండ పడుతుంది. ఇరవై అడుగుల పొడవు, పదడుగుల ఎత్తు గల గోడ మీద అది తొమ్మిది వేల వాట్ల పైమాటే. ఒకటిన్నర టన్నుల ఏసీ తోడిపోయగల వేడి అయిదు వేల వాట్ల చిల్లర మాత్రమే. గోడ మీద పడినదంతా లోపలికి రాదు, నిజమే. కాని వచ్చేది వెంటనే రాదు. తొమ్మిదంగుళాల ఇటుక గోడను దాటడానికి వేడికి ఆరేడు గంటలు పడుతుంది. అంటే, సాయంకాలపు ఎండ మన మంచం వద్దకు చేరేది సరిగ్గా నిద్రపట్టవలసిన వేళకు! చెట్టయితే ఆ ఎండను గోడను తాకకముందే అడ్డుకుంటుంది. గోడ కాగిన తరువాత తోడిపోయడం కన్న కాగనీయకుండా ఉంచడం మేలని చెప్పడానికి శాస్త్రవేత్తలే కావాలా?

ఇక వాస్తు మాట. ఈశాన్యంలో మెట్లున్నాయని కట్టిన ఇంటిని పగలగొట్టిన వారిని నేనెరుగుదును. "నైరుతి బరువు, ఈశాన్యం తేలిక" అని వల్లించే ఆ మహానుభావులే, పెద్ద చెట్లు దక్షిణ పశ్చిమాల్లో ఉండాలన్న మాటను మాత్రం సౌకర్యంగా మరచిపోతారు. నాకు వాస్తు మీద పెద్ద నమ్మకం లేదు. కాని ఈ ఒక్క నియమం వెనుక పడమటి ఎండ తిన్న అనుభవం ఉన్నదనిపిస్తుంది. డబ్బు ఖర్చయ్యే నియమాలను పాటించి, ఖర్చు లేని దానిని వదిలివేయడం ఏమి భక్తి?

పరదేశపు పుస్తకాలు చూసి తోటలు వేయించేవారి సంగతి మరొకటి. ఇంటికి దక్షిణాన చెట్లు నాటమని, శీతకాలపు ఎండ కోసం ఆకురాల్చే జాతులు ఎంచమని అవి చెబుతాయి. అది చలిదేశాల నీతి. మన రాజమండ్రి పదిహేడవ అక్షాంశం మీద ఉన్నది. మే రెండవ వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. కనుక మండు వేసవిలో మన శత్రువులు దక్షిణపు గోడ కాదు, పైకప్పు, తూర్పు పడమటి గోడలు. చెట్టు అక్కడ కావాలి. వేప, కానుగ ఆకు రాల్చినా, ఎండలు ముదిరే లోపల చిగిర్చి దట్టంగా నిలుస్తాయి. మన కాలానికి సరిపడిన జాతులు మన పెరట్లోనే ఉండగా, ఇంటి ముందు నాలుగు చదరాల కొరియన్ గడ్డి పరచి దానికి రోజూ నీళ్ళు పోయడం వట్టి ఆడంబరం. ఆ గడ్డి ఏ గోడకు నీడనిస్తుంది?

"కూలరు పెట్టుకుంటాం లెండి" అనే వారికి ఒక మాట. మన డెల్టా గాలిలో తేమ జాస్తి. రాయలసీమలో చల్లబరిచే కూలరు ఇక్కడ ఒళ్ళు జిగట చేస్తుంది. నీటి ఆవిరితో వచ్చే చల్లదనం మనకు తక్కువ గనుకనే నీడ విలువ మనకు ఎక్కువ. మండువా లోగిళ్ళు కట్టిన పెద్దలు ఇది తెలిసే చూరు దించి, అరుగు మీద నీడ పడేటట్లు చూశారు. వేసవి రాగానే వాకిట తాటాకు చలువ పందిరి వేశారు.

ఆక్షేపణలు లేకపోలేదు. వేరు పునాదిని పగలగొడుతుంది, తుపానుకు చెట్టు ఇంటి మీద పడుతుంది అంటారు. 1996 నవంబరు తుపానులో కోనసీమ కొబ్బరితోటలు పడిన తీరు చూసిన వాణ్ణి, ఆ భయాన్ని ఎగతాళి చేయను. దానికి ఉపాయం చెట్టును పదిహేనడుగుల ఎడంగా నాటడం, ఏటా వానలకు ముందు కొమ్మలు తేలిక చేయించడం. కొబ్బరి నీడ ఎలాగూ పలచన. గోడ కాపాడటానికి దాన్ని నమ్ముకోనక్కరలేదు. అంత స్థలమే లేదంటారా? గోడకు మూడడుగుల దూరంలో తీగెల పందిరి నిలబెట్టి రాధామనోహరమో, చిక్కుడో, దొండపాదో పాకించండి. నూట యాభై గజాల ఇంటికి కూడా ఇది సాధ్యమే. పాములు వస్తాయంటారు. పాము వచ్చేది చెట్టు కోసం కాదు, మనం పోగుచేసిన చెత్తలోని ఎలుకల కోసం.

అన్నిటికన్న నాకు సిగ్గు కలిగించే విషయం కడియం. మనకు కూతవేటు దూరంలో కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, పొట్టిలంక వెంట గోదావరి ఒండ్రు మీద దేశమంతటికీ మొక్కలు పెంచుతున్నారు. లారీల కొద్దీ పరరాష్ట్రాలకు తరలిపోతున్నాయి. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత మన పట్ల ఇలా ఫలించింది! మనవాళ్ళు అక్కడికి వెళ్ళి తెచ్చుకునేది తొట్టిలో పెట్టే క్రోటన్, గేటుకిరువైపులా నిలిపే పామ్ మొక్క. కానుగ మొక్క అడిగితే "రోడ్డు పక్క మొక్క మీకెందుకండీ?" అన్నాడు ఒక దుకాణదారు. తప్పు అతనిది కాదు, అడిగేవాడు లేడు.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాక్రమెంటో నగరంలో విద్యుత్తు అమ్మే సంస్థే 1990 నుంచి వినియోగదారులకు నీడనిచ్చే చెట్లను ఉచితంగా పంచుతున్నది. ఆ ఊళ్ళోనే రెండు ఇళ్ళ పక్కన తొట్లలో పెరిగిన చెట్లను తెచ్చి నిలిపి కొలిస్తే, చల్లదనానికి అయ్యే కరెంటు సుమారు 30 శాతం తగ్గినట్లు 1997లో ప్రకటించారు. కరెంటు అమ్ముకునేవాడే చెట్టు ఇచ్చి అమ్మకం తగ్గించుకుంటున్నాడు! మనవద్ద తీగల కింద కొమ్మలు నరకడానికి మనుషులు వస్తారు గాని, ఫలానా చోట ఫలానా మొక్క నాటమని చెప్పేవారు రారు. 2002 నాటి వాల్టా చట్టం అనుమతి లేనిదే చెట్టు కొట్టరాదంటుంది. గృహప్రవేశపు పత్రికలు పంచుకునేటప్పుడు ఆ చట్టం ఎవరికి గుర్తు?

మొన్న ఆషాఢంలో కానుగ మొక్క ఒకటి తెచ్చి పాత మోడు పక్కనే నాటాను. ఇప్పుడు మోకాలి ఎత్తున్నది. అది గోడకు నీడనిచ్చే నాటికి ఆ గదిలో ఎవరుంటారో తెలియదు. అమ్మ లేరు. నా పూర్వ విద్యార్థికి ఫోను చేసి, పడమటి వైపు నాలుగు టైల్సు తీయించమని, మొక్క నేనే తెస్తానని అన్నాను. "ఆకులు రాలతాయి కదండీ మాస్టారూ" అన్నాడు. రాలనివ్వు, వచ్చి నేనే ఊడుస్తానన్నాను. ఆదివారం రమ్మన్నాడు.