ఇడ్లీలు ఉడికేలోగా పిట్టల లెక్క

కాకి అరిస్తే చుట్టాలొస్తారంటారు కదా. మరి మీ పెరటి గోడ మీద రోజూ అరిచే కాకులు ఎన్నండీ? నాలుగా, పద్నాలుగా? "ఏమో, ఎవరు లెక్కపెట్టారు!" అంటున్నారు కదూ. మూడేళ్ళ కిందట నేనూ ఆ మాటే అన్నాను. ఇప్పుడు మాత్రం ఠక్కున చెప్పేస్తాను. కాకినాడ రామారావుపేటలో మా డాబా మీద నించుంటే, ఈ ఫిబ్రవరిలో పావుగంటలో కనిపించిన కాకులు పదకొండు. గోరింకలు ఆరు. పావురాలు ఇరవై రెండు. పిచికలు... ఆ సంగతి తరవాత చెబుతాను.

ప్రతి ఏడూ ఫిబ్రవరి నడిమధ్యలో నాలుగు రోజులు, శుక్రవారం నుంచి సోమవారం దాకా, ప్రపంచంలో ఎక్కడివాళ్ళక్కడ తమ ఇంటి చుట్టూ ఉన్న పిట్టల్ని లెక్కపెట్టి రాస్తారు. అమెరికాలో 1998లో మొదలైందిది. మన దేశంలో 2013 నుంచి జరుగుతోంది. 'గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్' అని దానికో పొడుగాటి పేరుంది గానీ, మా ఇంట్లో మేం పెరటి పిట్టల లెక్క అనేస్తాం.

కాకినాడలో పక్షుల లెక్క అనగానే అందరూ కోరంగి వైపు చెయ్యి చూపిస్తారు. నిజమే, జనవరిలో మడ అడవుల్లో, సముద్రపు బురదనేలల్లో నీటిపక్షుల్ని లెక్కపెడతారు. ఎక్కడో చలిదేశాల నుంచి వచ్చిన పిట్టలవి. వాటి కోసం తెల్లారకుండా లేచి పడవెక్కాలి, దుర్భిణి ఉండాలి. పిల్లల కేరేజీలు ఎవరు సర్దుతారండీ? పెరటి లెక్కకి ఆ బాధ లేదు. ఒక్క పావుగంట చాలు. ఇడ్లీపాత్ర పొయ్యి మీద పెట్టి డాబా ఎక్కితే, దిగేసరికి లెక్కా అయింది, ఇడ్లీలూ అయ్యాయి.

ఇందులోకి నన్ను దింపింది డిగ్రీ చదువుతున్న మా మేనకోడలు. మొదటి ఏడు నేను రాసిన చీటీ చూసి ఎంత నవ్విందో! రామచిలకలు మూడు, తేనెపిట్ట ఒకటి, లకుముకిపిట్ట ఒకటి, పిచికలు తొమ్మిది అని ముచ్చటైనవన్నీ ఏరి రాశాను.

"అత్తా, మీ వీధిలో కాకుల్లేవా?" అంది.

"కాకుల్లేని ఊరుంటుందిటే?"

"మరి రాయలేదేం? నువ్వు రాయకపోతే లేనట్టే లెక్క."

కాకిని కూడా రాయాలా అని నాకు చిరాకేసింది. అప్పుడది రాబందుల కథ చెప్పింది. 1980ల్లో మన దేశంలో రాబందులు ఎంత మామూలంటే, వాటిని పట్టించుకున్నవాళ్ళే తక్కువ. భరత్‌పూర్ పక్షుల అభయారణ్యంలో విభు ప్రకాశ్ అనే శాస్త్రవేత్త మాత్రం వాటిని లెక్కపెట్టి ఉంచుకున్నారు. 1990ల్లో మళ్ళీ లెక్కపెడితే గూళ్ళు ఖాళీ. పాత అంకె ఉంది కాబట్టే ఎంత నష్టం జరిగిందో తెలిసింది. పశువులకి నొప్పులు తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ మందు, చచ్చిన గొడ్డు మాంసంలోంచి రాబందుల్లోకి పోయి వాటి మూత్రపిండాల్ని పాడుచేస్తోందని 2004లో బయటపడింది. 2006లో పశువులకి ఆ మందు వాడకూడదన్నారు. అప్పటికే తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటి చొప్పున మిగిలాయి. ఆ కథ విన్నాక కాకుల్నీ, పావురాల్నీ కూడా బుద్ధిగా రాస్తున్నాను.

పద్ధతి ఏమంత కష్టం కాదు. ఒకచోట నించుని కనీసం పావుగంట చూడాలి. పోల్చుకోగలిగిన ప్రతి పిట్టనీ రాయాలి, తెలియనిది వదిలెయ్యాలి. చూపుకి ఆనకపోయినా గొంతు గుర్తుపడితే అదీ లెక్కే. ఒకే కాకి నాలుగుసార్లు వచ్చి వాలితే నాలుగు కాకులు కావు, అది గుర్తుంచుకోండి. తరవాత ఫోనులో 'ఈబర్డ్' అనే దాన్లోకి ఎక్కించడమే. దానికి పైసా ఖర్చు లేదు. నాకు చేతకాక మొదట పిల్లలచేత ఎక్కించాను.

పొరపాట్లూ చేశాను. రెండో ఏడు గోధుమరంగు మీద తెల్లచుక్కల పిట్ట ఒకటి సపోటా చెట్టు మీద కనిపిస్తే, ఇదేదో కొత్త పక్షి అని హడావుడి చేశాను. తీరా చూస్తే ఆడ కోయిల! కోయిలంటే నల్లగా ఉంటుందనే కదా మనకి తెలుసు. నల్లనిది మగది. 'కూ' అని పాడేదీ అదే.

చెవులతో పోల్చడంలో మాత్రం మా అత్తయ్యగారి తరవాతే ఎవరైనా. ఆవిడకి ఎనభై దాటాయి, చూపు బాగా మందగించింది. కుర్చీ వేసి కూర్చోబెడితే చాలు, "అదిగో జెముడుకాకి. గోడవతల పిగిలిపిట్ట" అని చెప్పేస్తారు. గొంతు విని పేరు చెప్పే 'మెర్లిన్' అనేది ఫోనులో ఉంది. కానీ పక్కింటి మిక్సీ మొదలయ్యేసరికి అది తెల్లమొహం వేసింది, మా అత్తయ్యగారు వెయ్యలేదు.

ఇక పిచికల సంగతి. "మా రోజుల్లో బోలెడు పిచికలే అమ్మాయ్" అంటారు అత్తయ్యగారు. బోలెడంటే ఎన్నండీ అని అడిగాను. "బియ్యం చెరుగుతుంటే చేట చుట్టూ మూగేవి... ఎవరు లెక్కపెట్టారు!" అన్నారు. చూశారా, మళ్ళీ అదే మాట.

నా పుస్తకంలో మాత్రం మొదటి ఏడు తొమ్మిది, రెండో ఏడు ఏడు అని ఉంది. అవన్నీ పక్కవాళ్ళ పెంకుటింటి చూరులో కాపురం ఉండేవి. నిరుడు ఎండాకాలంలో ఆ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు మొదలెట్టారు. వాళ్ళని తప్పుపట్టలేం, వానొస్తే ఇల్లంతా కారేది పాపం. ఈ ఫిబ్రవరిలో నాలుగు రోజులూ డాబా ఎక్కాను. ఒక్క పిచిక లేదు. అత్తయ్యగారికీ వినపడలేదు. మూడోరోజున, "నీకు కనపడకపోతే నా చెవికి వినపడిందని రాసెయ్యవే" అన్నారు. రాయలేదు. ఆవిడ ఆ పూట నాతో మాట్లాడలేదు.

ఆ లెక్కలో సున్న రాయడానికి గడి ఉండదు. చివర్లో, 'మీరు పోల్చుకున్న పక్షులన్నీ రాశారా?' అని అడుగుతుంది. అవునని నొక్కితే, జాబితాలో లేనిది ఆ పూట అక్కడ కనపడలేదని అర్థం. నొక్కడానికి కాసేపు చెయ్యి రాలేదంటే నమ్మండి.

మీ అంకెలు ఎక్కడికీ పోవు. ఇలా ఏడాది పొడుగునా ముప్పైవేల మందికి పైగా రాసిన లెక్కల్ని కూర్చి, 2023లో మన దేశపు పక్షుల మీద పెద్ద నివేదిక తెచ్చారు. 942 రకాల గురించి చెప్పారందులో. పాలపిట్ట తగ్గుతోందట, కోయిల, పావురం పెరుగుతున్నాయట. అంతకుముందు 2020 నివేదికలో, దేశం మొత్తం మీద పిచిక నిలకడగానే ఉంది గానీ పెద్ద నగరాల్లో తగ్గిందని తేలింది. ఈ మాట చదివి వినిపిస్తే, "అయితే ఎక్కడో అక్కడ ఉన్నాయన్నమాట" అని అత్తయ్యగారు కాస్త కుదుటపడ్డారు.

మర్నాడే వరికంకుల కుచ్చు తెప్పించి సన్‌షేడ్ కింద కట్టించారు. ప్రస్తుతానికి ఉడతలు భోంచేస్తున్నాయి. చెక్కపెట్టెకి గుండ్రంగా చిల్లుపెట్టి దాని పక్కనే తగిలించాం. ఇంకా ఎవరూ అద్దెకి దిగలేదు.

వచ్చే ఫిబ్రవరికి ఇప్పటినుంచే ఒక పాత నోటుపుస్తకం తీసి ఉంచుకోండి. తేదీ, టైము, చోటు, పిట్ట పేరు, ఎన్ని – ఇంతే గీతలు. పేరు తెలియకపోతే రంగూ, తోకా రాసుకుని ఎవరినైనా అడగండి. మీ వీధిలో పిచికలుంటే ఎన్నున్నాయో మాకో ఉత్తరం ముక్క రాయండి, అత్తయ్యగారికి చదివి వినిపిస్తాను.