పిలిచింది పెట్ట కాదండీ!

మా వారికి నవ్వు రావడం అరుదు. వచ్చిందంటే దాని వెనకాల ఆడవాళ్ళ మీద ఓ మాట తయారుగా ఉందన్నమాటే.

మొన్న ఏప్రిల్లో అమెరికాలో, మిస్సోరీ రాష్ట్రంలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడూ అదే జరిగింది. వాళ్ళ పక్కింటాయన రిటైరైన బడిపంతులు. వసంతకాలం వస్తే అడవి టర్కీ కోళ్ళ వేటకి పోతాడు. ఆ ఋతువులో వేట పుంజులకే. ఒక పుంజు ఎన్నో పెట్టలతో జతకడుతుంది కనక, కొన్ని పుంజులు తగ్గినా సంతతికి లోటు రాదని అక్కడి వాళ్ళ లెక్క. ఓ సాయంత్రం కాఫీకి వచ్చి ఆ విద్యంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. అమ్మాయి తెలుగు చేసి చెబుతూంటే మేం విన్నాం.

తెల్లవారకముందే వెళ్ళి, ఆకుల రంగు బట్టలతో ఓ చెట్టు మొదట్లో కదలక మెదలక కూర్చోవాలిట. ఎరుపు, తెలుపు, నీలం ఒంటిమీద కనబడకూడదు. పుంజు తల రంగులు అవే. ఇంకో వేటగాడు పొరబడి పేల్చేస్తాడు. నా ఎర్రచీరా కుంకంబొట్టూ చూసి, "మీరు మాత్రం అడవివైపు రాకండి" అన్నాడు. తర్వాత జేబులోంచి ఓ పలకముక్కా పుల్లా తీసి గీశాడు. అచ్చం పెట్ట గొంతే! నోట్లో పెట్టుకుని కూసేవీ, చెక్కపెట్టెలూ కూడా ఉన్నాయిట. టర్కీ రెక్క ఎముకలతో చేసిన బూరలైతే అక్కడి ఆదివాసులు ఏనాటినుంచో వాడినవే.

ఓసారి మోసపోయి బతికిపోయిన పుంజు మాత్రం ఓ పట్టాన రాదు. తుపాకికి అందనంత దూరంలో నిలబడి, తోక విసనకర్రలా విప్పి, "నువ్వే రా" అన్నట్టు చూస్తుంది. వాటి ఆచారం అదే మరి! తెల్లవారుతూనే చెట్టుమీంచి గొంతెత్తి పిలిచేది పుంజు, వెళ్ళేది పెట్ట. వేటగాడు ఆ ఆచారాన్ని తిరగేస్తున్నాడు. కనక అలాంటి మొండిదానికి చిట్కాలు కావాలి. నాలుగు కూతలు కూసి ఊరుకోవాలి. అతిగా పిలిస్తే అనుమానం. చేత్తో ఎండుటాకులు గీరి, పెట్ట మేత ఏరుకుంటున్నట్టు వినిపించాలి. అప్పటికీ రాకపోతే వెనక్కి జరుగుతూ కూయాలి. అలిగి వెళ్ళిపోతోందనుకుని పుంజు వెంటపడుతుంది. దాని చుట్టూ నిజం పెట్టలే ఉంటే, వాటిలో పెద్దపెట్టని రెచ్చగొట్టాలి. సవతి ఎవతో వచ్చిందని అది పోట్లాటకి బయల్దేరుతుంది. దాని వెనకే పుంజూ!

ఇదుగో, ఇక్కడే మా వారు నవ్వారు. "చూశావా! పక్షయినా మనిషయినా, ఆడగొంతు వింటే మగాడు చెడవలసిందే!"

నాకు ఒళ్ళు మండింది. ఏ ఆడగొంతండీ? ఆ అడవిలో కూసింది పెట్టా? అరవై దాటిన పంతులుగారు! పెట్ట పాపం ఎక్కడో గడ్డిలో, నేలమీద, 28 రోజులు ఒంటరిగా గుడ్లు పొదుగుతుంది. పిల్లల్ని సాకేదీ అదే. పుంజు తొంగి చూడదు. చంపినవాడికి నేర్పరి అని పేరు, చచ్చినదానికి రసికుడని పేరు, ఊసే ఎరగని పెట్టకి నింద!

విశ్వామిత్రుడి తపస్సు ఎవరు చెరిచారంటే చంటిపిల్లాడైనా మేనక అంటాడు. మేనకని పంపిందెవరు? పలకా పుల్లా చేత పట్టుకుని పొదచాటున కూర్చున్న ఆ ఇంద్రుణ్ణి ఎవరైనా ఒక్క మాట అన్నారా?

వేట తప్పని నేననడం లేదు. కోడికూర వండే చేతులు నావి. ఆ మాటనే హక్కు నాకు లేదు. పంతులుగారు నియమం తప్పే మనిషీ కాదు. రికార్డు చేసిన కూతలు వినిపించి పిలవడం చాలా రాష్ట్రాల్లో నిషేధం. ఆయన ఆ జోలికి పోడు. పైగా "పిలిచింది నేనే" అని ఛాతీ విరుచుకుని చెప్పుకుంటాడు. నా తగువల్లా అలా చెప్పుకోని వాళ్ళతో.

కొడుకు వేరుపడితే కోడలు పిలిచిందంటారు. అన్నదమ్ములు ఆస్తి పంచుకుంటే తోడికోడళ్ళు నూరిపోశారంటారు. కుర్రాడు పరీక్ష తప్పితే క్లాసులో అమ్మాయిల వల్లేనంటారు. పలక ఎవరి చేతిలో ఉందో చూసేవాళ్ళు లేరు. మగాళ్ళనేం లెండి, మనం మాత్రం తక్కువా? ఆ పెద్దపెట్టలాగే, పొదచాటున కూత వినబడగానే లేని సవతి మీదికి లేస్తాం.

మా పెళ్ళయిన మూడో ఏడు మేం ఉమ్మడి ఇల్లు వదిలి పట్నం వచ్చాం. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది మా వారు. ఆర్డరు చేతికొచ్చేదాకా నాకే తెలియదు. అయినా మా అత్తగారు కన్నుమూసేదాకా "కోడలు పిలిచింది, కొడుకు పోయాడు" అనే అన్నారు. నా ఎదటా అన్నారు, ఆయన ఎదటా అన్నారు. ఆయన పేపరు చదువుకున్నారు.

ఆ సాయంత్రం పంతులుగారు వెళ్ళాక ఈ మాటే అడిగేశాను. జవాబు లేదు.

మర్నాడు పొద్దున్నే "కాఫీ" అన్న పిలుపు వినబడింది. నేను కదల్లేదు. రెండోసారీ వినబడింది. కళ్ళారా చూస్తే గాని కదలకూడదని నిన్ననే పుంజు దగ్గర నేర్చుకున్నానాయె! ఇంకాసేపటికి ఆయనే వంటింట్లోకి వచ్చారు. నాతో కాదు, అమ్మాయితో అన్నారు.

"ఆ దరఖాస్తు నేనే పెట్టానమ్మా. మీ నాయనమ్మకి నేను చెప్పవలసింది."

కాఫీ ఇచ్చాను. పంచదార మామూలుగానే వేశాను.