స్పార్క్ ప్లగ్గు: పిట్ట కొంచెం, పని ఘనం



సంక్రాంతి సెలవులు ముగించుకొని విశాఖపట్నం నుండి కారులో జగదల్‌పూర్‌కు తిరిగివస్తున్న మన సహోద్యోగి ఒకరికి, సాలూరు దాటిన పిదప ఘాట్ రోడ్డుపై ఒక ఆపద తప్పినది. కారులో ఆయన భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. ముందున్న లారీని దాటుటకు యాక్సిలరేటర్‌ను పూర్తిగా త్రొక్కగానే ఇంజను దడదడలాడి, బలముడిగి చతికిలబడినది. ఎదుటి మలుపులో బస్సు కనిపించినది. వెనుక వాహనమేదీ లేనందున ఆయన తిరిగి లారీ వెనుకకు రాగలిగినారు.

మరుసటి ఆదివారం ఆ కారును నా వద్దకు తెచ్చినారు. అది టర్బో పెట్రోలు కారు. ఒక నగరంలో ఇంజను కంప్యూటర్ ప్రోగ్రామును మార్పించి, టర్బో పీడనమును పెంచుకొన్నారట. ప్లగ్గులు మాత్రము పాతవే. ఫీలర్ గేజితో కొలువగా వాటి గ్యాప్ 1.1 మిల్లీమీటర్లున్నది.

రోగము అక్కడనే ఉన్నది. టర్బో పీడనము పెరిగిన కొలదీ సిలిండరులోని మిశ్రమము చిక్కనగును. ఖాళీ వీధిని దాటుట సులభము; సంత రోజున అదే వీధిని దాటుట కష్టము. విద్యుత్తుకూ అంతే. పీడనము, గ్యాప్ పెరిగినకొద్దీ రవ్వ దూకుటకు ఎక్కువ వోల్టేజి కావలెను. దీనిని పాషెన్ అను శాస్త్రజ్ఞుడు 1889లోనే నిరూపించినాడు. కాయిల్ అంత వోల్టేజి ఇవ్వలేనప్పుడు రవ్వ తప్పిపోవును. 6000 ఆర్.పి.ఎం. వద్ద ఒక్కొక్క ప్లగ్గు సెకనుకు 50 సార్లు మండించవలెనని గుర్తుంచుకొనుడు. అందుచేత ట్యూన్ చేసిన ఇంజనులకు సాధారణముగా 0.6 - 0.7 మి.మీ. గ్యాప్ ఉంచెదరు.

రెండవది ఉష్ణ శ్రేణి, అనగా హీట్ రేంజ్. ప్లగ్గు కొన సుమారు 500 - 850 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండవలెను. అంతకు మించినచో కొన ఎర్రబడి, రవ్వ పడకముందే మిశ్రమమును మండించును. కొద్ది క్షణములలోనే పిస్టన్‌కు రంధ్రము పడవచ్చును. 500కు తగ్గినచో మసి కాలిపోక పేరుకొని, విద్యుత్తు ఆ మసి గుండా జారిపోవును. పీడనము పెంచిన ఇంజనుకు వేడిని త్వరగా తొలగించు "కోల్డ్" ప్లగ్గు అవసరము. ఇక్కడ ఒక తిరకాసున్నది: ఎన్.జి.కె., డెన్సో ప్లగ్గులలో అంకె పెరిగిన కొలదీ ప్లగ్గు కోల్డ్ అగును. బాష్‌లో అందుకు విరుద్ధము.

"అయితే రెండు మెట్లు కోల్డ్ వేయుదమా?" అని మిత్రుడు అడిగినారు. వలదంటిని. ఆయన కారు ఏడాదిలో ఘాట్ ఎక్కునది నాలుగైదు సార్లు. మిగిలిన దినములలో నగర్నార్‌కు, పిల్లల బడికి, బజారుకు చిన్న ప్రయాణములే. అట్టి వాడుకలో మరీ కోల్డ్ ప్లగ్గు మసిబారి, మరల అదే రోగము తెచ్చును. ఒక్క మెట్టు కోల్డ్, 0.7 గ్యాప్‌తో వేసితిమి. మొన్న అదే ఘాట్‌ను ఎట్టి ఇబ్బందీ లేక ఎక్కి వచ్చినారు.

గృహస్థులకు కొన్ని సూచనలు:

1. మరచుట్టు వ్యాసము, మర పొడవు కంపెనీ ప్లగ్గుకు సరిగా సరిపోవలెను. పొడవు ఎక్కువైనచో పిస్టన్‌కు తగులును.

2. ఇరిడియం ప్లగ్గు ఎక్కువ కాలము మన్నును గాని, దాని సన్నని కొన పెళుసు. గ్యాప్ సరిచేయుటకు ఆ కొనపై ఒత్తిడి పెట్టరాదు.

3. ఇంజను చల్లబడిన తరువాతనే విప్పవలెను. టార్క్ రెంచితో, కంపెనీ చెప్పిన మేరకే బిగించవలెను.

4. వెయ్యి కిలోమీటర్ల తరువాత ఒకసారి విప్పి చూడుడు. లేత గోధుమ రంగు ఆరోగ్యము. నల్లని మసి చలువ. తెల్లని పొక్కులు అతివేడి.

5. ట్యూనింగ్ వలన వారంటీ పోవచ్చును. మార్పును బీమా సంస్థకు తప్పక తెలియజేయుడు.

కొత్త ప్లగ్గు అదనపు గుర్రపు బలము నీయదు. ఉన్న బలము అవసరమైన క్షణమున చేతికందునట్లు చూచును. ఘాట్‌లో లారీని దాటుచున్న కుటుంబమునకు అంతకు మించి కావలసినదేమున్నది?

వచ్చే సంచికలో బ్రేకు ఆయిలును గురించి ముచ్చటించుకొందము.