ఏ ఊరి కందుకూరి వారు?

రైలు పెట్టెలోనో పెళ్ళి పందిట్లోనో పరిచయమైన ఇద్దరికి ఇంటిపేరు ఒకటేనని తేలితే మాటల తీరే మారిపోతుంది. మీది ఏ ఊరండీ, ఏ గోత్రం, తాతగారి పేరేమిటి అని ప్రశ్నలు వరసకడతాయి. కాసేపటికే వయసులో పెద్దాయన బాబాయి అవుతాడు, చిన్నవాడు తమ్ముడవుతాడు. ఈ ఆపేక్ష తెలుగువాళ్ళలో పాతదే. ఇప్పుడు అది పుస్తకాలుగా, సంఘాలుగా రూపుకడుతోంది. ఒకే ఇంటిపేరు వాళ్ళు కార్తీకమాసంలో వనభోజనాలకు కూడుతున్నారు, వంశవృక్షాలు అచ్చువేయిస్తున్నారు, విదేశాల్లో పుట్టిన మనవల కోసం తరాల పేర్లు ఏరుతున్నారు. ఈ పనిని మేము మనసారా ఆహ్వానిస్తున్నాం. అయితే చాలా పుస్తకాలు ఒక నమ్మకంతో మొదలై దాన్ని పరీక్షించకుండానే ముగుస్తున్నాయి. ఇంటిపేరు ఒకటైతే మూలపురుషుడూ ఒకడే అన్నది ఆ నమ్మకం.

తెలుగు ఇంటిపేర్లు పుట్టిన తీరు అందుకు ఒప్పుకోదు. వాటిలో పెద్ద భాగం ఊళ్ళ పేర్లు. కందుకూరు నుంచి వచ్చినవాళ్ళు కందుకూరి వారయ్యారు, వేటూరు నుంచి వచ్చినవాళ్ళు వేటూరి వారు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళు మామూలు మనిషిని ఆ ఊరి పేరుతో ఎవరూ పిలవరు, అందరిదీ అదే ఊరు గనక. కరువుకో దండయాత్రకో భూమి దొరికిందనో కొలువు దొరికిందనో ఊరు విడిచి, ఇంకో ఊళ్ళో పొయ్యి వెలిగించుకున్నాకే ఆ పేరుతో పని పడింది. పేరు పెట్టినవాళ్ళు పూర్వీకులు కారు, కొత్త ఊరి ఇరుగుపొరుగువాళ్ళు. ఆ లెక్కన మన ఇంటిపేర్లలో ఎక్కువ భాగం వలస గుర్తులు. అవి మనం విడిచి వచ్చిన చోటును చెబుతాయి.

వీరేశలింగం 1848లో రాజమహేంద్రవరంలో పుట్టాడు. ఇంటిపేరు మాత్రం దక్షిణాన ఎంతో దూరంలో ఉన్న కందుకూరుది. గురజాడ అప్పారావు 1862లో విశాఖ సీమలోని రాయవరంలో పుట్టి విజయనగరంలో బతికాడు. గురజాడ అన్న ఊరు కృష్ణా జిల్లాలో ఉంది. తెలుగు నేలకు ఆ కొసన ఆధునిక సాహిత్యాన్ని నిలబెట్టినవాళ్ళ పేర్లలో ఈ కొస ఊళ్ళు ఉన్నాయి. చిక్కు ఇంతటితో అయిపోదు. కందుకూరు రంగారెడ్డి జిల్లాలోనూ ఒకటి ఉంది. ఒక్కో కందుకూరు నుంచి ఒక్కో కాలంలో వేర్వేరు కులాల, వేర్వేరు గోత్రాల కుటుంబాలు కదిలి ఉంటాయి. అందరూ చేరిన చోట కందుకూరి వారే అయి ఉంటారు. ఇద్దరు కందుకూరి వారు కలుసుకుంటే ముందు అడగవలసింది తాత పేరు కాదు, ఏ కందుకూరు అన్న ప్రశ్న.

సాహిత్యానికి దగ్గరి ఉదాహరణ బమ్మెర పోతన. ఆయన ఓరుగల్లువాడా, ఒంటిమిట్టవాడా అన్న వాదం దశాబ్దాల పాటు మన పత్రికల పుటలను వేడెక్కించింది. భాగవత అవతారికలో తాను ఏకశిలానగరానికి చేరినట్టు కవే చెప్పుకున్నాడు. ఆ పేరు ఓరుగల్లుకు ఉంది, ఒంటిమిట్టకూ అన్వయించారు. అప్పుడు ఇంటిపేరు సాక్షిగా బోనెక్కింది. బమ్మెర అనే ఊరు జనగామ జిల్లాలో, పాలకుర్తి దగ్గర ఇప్పటికీ ఉంది. పాలకురికి సోమనాథుడి పేరులోని ఊరు ఆ పాలకుర్తే. ఇద్దరు మహాకవుల ఇంటిపేర్లు ఒకే మండలంలో పక్కపక్కన దొరకడం తెలంగాణ పక్షానికి బలమైన ఆధారం, మా మొగ్గూ అటే. కానీ ఈ సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుందో గమనించాలి. బమ్మెర అన్న మాట ఆ కుటుంబం వేళ్ళు ఎక్కడ ఉన్నాయో చూపగలదు. కవి ఏ చెట్టు నీడన కూర్చుని రాశాడో చూపలేదు. గురజాడ వారు విజయనగరంలో ఉన్నట్టే బమ్మెర వారు ఇంకెక్కడైనా ఉండవచ్చు. పోతన ఓరుగల్లువాడని తేల్చడానికి ఇంటిపేరు ఒక్కటీ చాలదు. ఆ ప్రాంతపు స్థలకథలు, రచనలోని రాజకీయ ప్రస్తావనలు, సమకాలికుల మాటలు తోడు రావాలి. ఒక మహాకవి విషయంలోనే ఇంత జాగ్రత్త అవసరమైతే మామూలు కుటుంబాల సంగతి చెప్పాలా?

మన కావ్యాల అవతారికలు నిజానికి వంశచరిత్రలకు పెద్ద గని. కవి తన గోత్రం, సూత్రం, తల్లిదండ్రులు, అన్నదమ్ముల పేర్లు చెబుతాడు. పోతన చెప్పకపోతే కేసన, లక్కమాంబ, తిప్పన మనకు తెలిసేవాళ్ళు కారు. కృతిపతి వంశాన్నయితే తరాల తరబడి వర్ణిస్తాడు. ఈ వర్ణన పొగడ్త కోసం పుట్టిందన్న ఎరుక మాత్రం చదివేటప్పుడు ఉండాలి.

పత్రాల విషయంలోనూ ఆ ఎరుక కావాలి. కల్నల్ కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి పూనుకుని ఊరూరా సేకరించిన కైఫీయత్తులు అనే గ్రామ వృత్తాంతాలు లేకపోతే మన గ్రామచరిత్ర సగం చీకట్లోనే ఉండేది. గుంటూరు సీమ కైఫీయత్తుల్లో ఒక కథ ఊరు మార్చి ఊరు కనిపిస్తుంది. కాకతీయ గణపతిదేవ మహారాజు ప్రధాని గోపరాజు రామన్న గ్రహణ పుణ్యకాలంలో గ్రామ కరణీకపు మిరాశీలు నియోగులకు ధారపోశాడనీ, ఫలానా ఊరు ఫలానా ఇంటిపేరు వారికి వచ్చిందనీ. ఎందరో తమ వంశవృక్షాన్ని అక్కడే నాటుతున్నారు. అయితే ఆ దానానికి చెప్పే సంవత్సరం 12వ శతాబ్ది నడుమది. గణపతిదేవుడు పాలించింది 1199 నుంచి 1262 దాకా. రాజు రాకముందే ఆయన ప్రధాని దానం చేయలేడు. అంతమాత్రాన కైఫీయత్తు అబద్ధమని కొట్టిపారేయకూడదు. మిరాశీ హక్కు ప్రశ్నకు వచ్చిన ప్రతిసారీ దానికి ఒక ప్రాచీన దాతను చూపించాల్సిన అవసరం కరణాలకు ఉండేది. మెకంజీ మనుషులకు వివరాలు చెప్పింది ఆ కరణాలే. అంటే ఆ కథ 12వ శతాబ్దిలో జరిగిన దానికన్నా, 19వ శతాబ్ది మొదట్లో కరణాల ఇళ్ళలో ఏది నమ్మేవారో ఎక్కువ నమ్మకంగా చెబుతుంది. వంశచరిత్ర రాసేవారు ఈ రెంటినీ విడివిడిగా రాయగలిగితే పుస్తకం విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇంటిపేరుకు మనం ఇస్తున్న పవిత్రతను మన కర్మకాండ ఇవ్వలేదన్నది మరో ముఖ్యమైన సంగతి. తద్దినంలో, తర్పణంలో గోత్రం చెబుతారు, పేరు చెబుతారు. తండ్రి, తాత, ముత్తాత, వారితో తల్లి, నాయనమ్మ, ముత్తవ్వ, ఆపైన మాతామహుల వరస. ఇంటిపేరు ఎక్కడా రాదు. మైల పట్టింపు కూడా తరాల లెక్క మీదే నడిచింది. ఏడు తరాల లోపు జ్ఞాతికి పది రోజులు, ఆ పైవారికి మూడు రోజులు, మరీ దూరమైతే స్నానం. ఎవరి మైల ఎవరికి ఎన్నాళ్ళో తెలిసిన ముసలమ్మ ఇంట్లో ఉంటే కాగితం అక్కరలేకుండానే వంశవృక్షం ఉన్నట్టు. ఇంటిపేరు ఊరికీ కచేరీకీ చెందినది. పితృదేవతలను అది లేకుండానే పిలుచుకున్నాం.

రక్తం ఒకచోట, పేరు ఒకచోట అయిన కుటుంబాలు మనకు కొల్లలు. శ్రీశ్రీ పూడిపెద్ది వారింట పుట్టి దత్తతతో శ్రీరంగం వారయ్యాడు. చలం కొమ్మూరి వారి బిడ్డ, మాతామహులు దత్తు తీసుకుంటే గుడిపాటి వారయ్యాడు. ఆధునిక తెలుగు సాహిత్యాన్ని కుదిపేసిన ఇద్దరి ఇంటిపేర్లూ దత్తత వల్ల వచ్చినవే. ఇల్లరికం వచ్చిన అల్లుళ్ళు, మేనమామ దగ్గర పెరిగి ఆ పేరే నిలిచిపోయినవాళ్ళు, ఊళ్ళో ఒకే ఇంటిపేరు ఇళ్ళు ఎక్కువై మేడ వాళ్ళు, చావిడి వాళ్ళు అని విడిపోయి చివరికి ఆ పేరుకే స్థిరపడ్డవాళ్ళు ఎందరో. పుస్తకంలో వీళ్ళ కొమ్మలను దాచిపెట్టడం గానీ, మగసంతానపు గీతతో బలవంతంగా అతికించడం గానీ తగదు. దత్తత అని రాయడానికి జంకు ఎందుకు?

కాగితం ఎవరికి ఉంది అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. కోస్తా, రాయలసీమ జిల్లాల్లో 1858లో ఇనాం కమిషన్ మొదలయ్యాక తయారైన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు, తెలంగాణలో సేత్వార్లు, 1954–55 నాటి ఖాస్రా పహాణీ, ఇవి భూమి ఉన్న ఇంటికి దారి చూపుతాయి. 1984లో గ్రామాధికారుల పదవులు రద్దయ్యాక కరణాల ఇళ్ళ అటకల మీద మిగిలిపోయిన దస్త్రాలెన్నో చెదలకు పోయాయి, దొరికినవాటినైనా ఫొటోలు తీసి కాపాడాలి. కానీ భూమి లేనివాళ్ళ మాటేమిటి? పాత దస్తావేజుల్లో దళితుల పేర్లకు ముందు ఇంటిపేరు ఉండాల్సిన చోట తరచూ కులం పేరే ఉంటుంది. వాళ్ళకు ఇంటిపేర్లు లేవని దీని అర్థం కాదు, రాసేవాడు అడగలేదని అర్థం. ఇలాంటిచోట చర్చి బాప్తిస్మ రిజిస్టరు పనికొస్తుంది. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున క్లవ్ దొర నడిపిన బాప్టిస్టు మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. వాళ్ళలో అత్యధికులు మాదిగలు. రెవెన్యూ కచేరీ పట్టించుకోని మనుషులను పేరుతో, ఊరుతో లెక్కపెట్టిన చోటు అది.

కాగితం కన్నా ముందు నోరు ఉంది. కాపులకు, కమ్మవారికి, వెలమలకు ఇంటిపేర్లూ గోత్రాలూ చెప్పిన పిచ్చిగుంట్ల వారు, మాదిగల పుట్టుక కథ చెప్పిన డక్కలి వారు, పద్మశాలీలకు పటం విప్పి కథ చెప్పిన కూనపులి వారు తరతరాల వంశచరిత్రకారులు. వీళ్ళను యాచకులుగా చూసి గుమ్మం దగ్గరే పంపేసి, ఇప్పుడు వంశవృక్షం కోసం వెతుక్కుంటున్నాం. ఏ ఇంటిపేరు సంఘమైనా అచ్చుకు ఖర్చుపెట్టే ముందు తమ కులానికి కథ చెప్పిన వారి వారసులను వెతికి, గౌరవంగా కూర్చోబెట్టి, తగిన పారితోషికమిచ్చి రికార్డు చేయాలని మా విన్నపం. ఆ గొంతులు ఏటేటా తగ్గిపోతున్నాయి.

వెతుకులాట అన్నిటికన్నా కష్టమైంది సముద్రం దాటినవాళ్ళకు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ రేవు చేరింది మొదలు 1911 వరకు 384 ప్రయాణాల్లో 1,52,184 మంది దక్షిణాఫ్రికాలోని నటాలుకు ఒప్పంద కూలీలుగా వెళ్ళారు. వాళ్ళలో గంజాం, విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు వేలమంది. ఓడ పట్టీలో ఇంటిపేరుకు గడి లేదు. పేరు చివరి నాయుడు, రెడ్డి అన్న మాటలు ఇంటిపేరు స్థానంలో కుదురుకున్నాయి. కొన్ని ఇళ్ళలో ముత్తాత పేరే ఇంటిపేరైంది. ఈనాడు డర్బన్‌లో నాయుడు అన్న ఇంటిపేరు పంచుకునే వేల కుటుంబాలకు ఒక మూలపురుషుడు లేడు, ఒక ఊరూ లేదు. వాళ్ళ దారి ఆ ఓడ పట్టీయే. ఒక్కో మనిషికి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీది మచ్చ. అక్కడి నుంచి ముత్తాత ఊరు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు మారిన జిల్లాలను గుర్తుపెట్టుకోవాలి. ఉత్తర ఆర్కాటు అని ఉంటే అది ఈనాటి చిత్తూరు వైపు ఊరు కావచ్చు, ఎందుకంటే చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. శ్రీకాకుళం జిల్లా వచ్చింది 1950లో. అలా వచ్చినవాళ్ళకు ఊరి పెద్దలు, పాఠశాల ఉపాధ్యాయులు ఒక పూట కేటాయిస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

ఆ పట్టీల్లో మరో విశేషం ఉంది. మనిషిని నంబరుగా మార్చిన క్రూరమైన ఏర్పాటు అది, సందేహం లేదు. అయినా అందులో ఆడమనిషికి తన నంబరు, తన పేరు, తన తండ్రి పేరు, తన ఊరు విడిగా ఉన్నాయి. మొగుడి పేరు కింద కలిపేయలేదు. ఇక్కడ మనం అచ్చువేసుకుంటున్న వంశవృక్షాల్లోనో? కొడుకు కింద కొడుకు, ఆ కొడుకు కింద ఇంకో కొడుకు. కూతుళ్ళు ఒక తరంలో కనిపించి మాయమవుతారు. కోడళ్ళు ఏ ఇంటి నుంచి వచ్చారో ఉండదు. వచ్చే సంచికల్లో వంశచరిత్రలను సమీక్షించేటప్పుడు మేము ముందుగా చూసేది ఈ ఒక్క సంగతే. ప్రతి తల్లి పక్కన ఆమె పుట్టింటి పేరు, పుట్టిన ఊరు రాసి ఉన్నాయా లేదా అని. రాయబోయేవారు ఈ వారమే ఇంట్లో పెద్దావిడ దగ్గర కూర్చుని, ఆమె అమ్మది ఏ ఊరో, అమ్మమ్మది ఏ ఇంటిపేరో అడిగి రాసుకోండి.